నీళ్లలో దిగే పాదాలకు జోడు, భుజానికి సంచి



కొత్త ఇల్లు కట్టుకొనేవాడు దాని కప్పుకు పిట్టగోడ కట్టించాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 22:8). పైనుండి ఎవరైనా జారిపడితే ఆ రక్తదోషము ఇంటివారి మీదికి వస్తుందని ఆ వచనము హెచ్చరిస్తుంది. ఆరాధన గురించి, బలుల గురించి మాట్లాడిన దేవుడే పిట్టగోడ గురించి కూడా మాట్లాడాడు. ఆయన దృష్టిలో అది చిన్న విషయం కాదు. మన ఇండ్లలో చాలామందికి మేడలు లేవు. అయితే నీళ్లలో దిగి బ్రదికేవారు ప్రతి ఇంటా ఉన్నారు. నాట్లు వేసే తల్లులు, రాత్రివేళ పొలానికి నీళ్లు కట్టే తండ్రులు, చేపల చెరువుల్లో, రొయ్యల చెరువుల్లో పనిచేసే యువకులు, వాగులోను కాలువలోను వల విసిరే సహోదరులు మన సంఘాలనిండా ఉన్నారు. వారికి పిట్టగోడ ఏది? కాలికి ఒక జోడు, భుజానికి ఒక సంచి. ఈ నెల వీటిని గురించి ఆలోచిద్దాం.

చల్లని నదుల్లో గాలం వేసేవారు

ఈ విషయంలో ఎక్కువ అనుభవం గలవారు కొందరున్నారు. కాశ్మీరులోని లిద్దర్ నదిలో, హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదిలో ట్రౌట్ అనే చేప ఉంది. ఇది మన దేశపు చేప కాదు. సుమారు 1900 ప్రాంతంలో ఆంగ్లేయులు దాని గ్రుడ్లను ఓడలమీద తెప్పించి కాశ్మీరులో పెంచారు. ఈ చేపను పట్టడానికి ఎర్రను గుచ్చరు. కొక్కేనికి ఈకలు, దారము చుట్టి, ఈగలాగానో పురుగులాగానో తయారుచేసి, నీటిమీద వాలేటట్లు విసురుతారు. గట్టున నిలబడి విసిరితే చెట్లకొమ్మలకు చిక్కుతుంది. అందుచేత మోకాళ్లలోతు, నడుములోతు నీళ్లలో దిగి నిలబడతారు. మంచు కరిగిన నీళ్లు, వేగమైన ప్రవాహం, క్రింద నాచుపట్టిన గుండ్రాళ్లు. జారితే ప్రాణాపాయమే.

కాబట్టి ఈ పని చేసేవారు గాలపుకర్రకు ఎంత విలువ ఇస్తారో కాలి జోడుకు అంత విలువ ఇస్తారు. వారి బూట్ల అడుగు మూడు రకాలు. మొదటిది దట్టమైన ఉన్ని గుడ్డలాంటి ఫెల్టు అడుగు. నాచుపట్టిన రాతిమీద ఇది బాగా పట్టుకొంటుంది. రెండవది మెత్తని రబ్బరు అడుగు. మట్టి గట్టుమీద నడవడానికి ఇది మేలు. మూడవది రబ్బరులో చిన్న చిన్న లోహపు మేకులు దించిన అడుగు. బూటు చీలమండను పట్టి ఉంచాలి. లోపల మందమైన మేజోడు వేస్తారు గనుక ఒక సైజు పెద్దది తీసుకొంటారు. ఛాతీ వరకు వచ్చే జలనిరోధక వస్త్రము వేసినవారు నడుముకు బెల్టు తప్పక బిగిస్తారు. కాలు జారి పడినా నీళ్లు ఒక్కసారిగా లోపలికి పోకుండా ఆ బెల్టు ఆపుతుంది.

చేతిలో ఒక కర్ర ఉంటుంది. అది మూడవ కాలు. ముందు కర్రతో లోతు చూచి, తరువాత ఒక పాదము, దాని ప్రక్కకు రెండవ పాదము జరుపుతారు. ఒక కాలి ముందుకు మరొక కాలు తిప్పి వేయరు. సంచి సంగతి కూడా అంతే. ఛాతీకి కట్టుకొనేది, నడుముకు కట్టుకొనేది, ఒక భుజంమీదుగా వీపుకు వేసుకొనేది అని మూడు రకాలున్నాయి. లోతునీళ్లలో దిగేవారికి నడుము సంచి తడుస్తుంది. రాళ్లమీద నడిచేవారికి లావైన ఛాతీ సంచి ఉంటే తమ పాదాలు తమకే కనబడవు. వీపు సంచిలోని వస్తువు కావాలంటే దాన్ని ముందుకు త్రిప్పుకోవాలి. కాబట్టి ఏది మంచి సంచి అని అడిగితే వారు వెంటనే జవాబు చెప్పరు. నీవు ఎక్కడ దిగుతావు, ఎంత లోతు దిగుతావు అని తిరిగి అడుగుతారు. మనం నేర్చుకోవలసిన మొదటి పాఠము ఇదే.

వారు వేడుక కోసం నీళ్లలో దిగుతారు. మనవారు అన్నం కోసం దిగుతారు. వేడుకకు దిగేవాడు తన పాదాన్ని అంత జాగ్రత్తగా చూచుకొంటే, అన్నం కోసం దిగేవాడి పాదము ఇంకెంత విలువైనది!

మన పొలాల సంగతి

2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టింది. అంటే ఏటా సగటున 58 వేలమంది. ఈ మరణాల్లో ఎక్కువభాగం జరిగిన ఎనిమిది రాష్ట్రాల ప్రాంతంలో మన తెలుగునేల కూడా ఒకటి. చనిపోయినవారిలో సగంమంది జూన్ నుండి సెప్టెంబరు వరకు, అనగా మన ఊడ్పులు, కలుపుతీతల కాలంలోనే చనిపోయారు. పాము చాలావరకు కరిచేది కాలిని. చీకట్లో గట్టుమీద వట్టికాళ్లతో నడిచే రైతు, గడ్డి కోసే కూలితల్లి దానికి ఎదురుపడతారు.

రెండవ శత్రువు కంటికి కనబడదు. ఎలుకల మూత్రము కలిసిన నీటిలో ఒక సూక్ష్మజీవి ఉంటుంది. కాలిపగుళ్లలోనుండి, పుండ్లలోనుండి అది శరీరములో ప్రవేశిస్తుంది. దీన్ని ఎలుక జ్వరము అంటారు, డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. తీవ్రమైన జ్వరము, తలనొప్పి, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్లెర్రబడుట దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడతాయి. తొలిరోజుల్లోనే వైద్యం చేయిస్తే నయమయ్యే జబ్బు ఇది. పొలం నీళ్లలో పనిచేసేవాడికి జ్వరం వస్తే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చెప్పకపోతే డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

ఇవిగాక గాజుపెంకులు, నత్తగుల్లలు, తుమ్మముళ్లు, తుప్పుపట్టిన మేకులు ఉండనే ఉన్నాయి. రోజంతా నానిన కాలివేళ్ల సందులు ఒరిసి పుండ్లు పడతాయి. చక్కెర జబ్బు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది గనుక ముల్లు దిగినా తెలియదు. చిన్న పుండు పెద్దదై, చివరికి కాలు తీసివేయవలసిన పరిస్థితి వస్తుంది. ఇంత ప్రమాదానికి అడ్డుగా నిలిచేది ఒక జత రబ్బరు బూట్లు. మన బజారులో వీటిని గంబూట్లు అంటారు. సాధారణ రకము నాలుగైదు వందల రూపాయల నుండి దొరుకుతుంది.

బూట్లు ఎలా ఎంచుకోవాలి?

సౌలు తన యుద్ధవస్త్రములు దావీదుకు తొడిగించాడు. దావీదు నడిచి చూచాడు. అవి తనకు అలవాటు లేనివని తీసివేశాడు (1 సమూ. 17:38, 39). రాజుగారివి గదా అని మొగమాటపడలేదు. బూట్ల అంగడిలో కూడా ఇదే పద్ధతి. తొడుక్కొని నడిచి చూడకుండా కొనవద్దు.

మొదటిది కొలత. సాయంకాలమున కొనండి. పగలంతా నడిచిన పాదము సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది. పనిలో వేసుకొనే మేజోడే వేసుకొని తొడగండి. వ్రేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ కొంచెం లేచినా ఫరవాలేదు గాని, నడిచేటప్పుడు పాదము లోపల కొట్టుకోకూడదు. రెండు పాదాలూ తొడగండి. చాలామందికి ఒక పాదము రెండవదానికంటే కొంచెం పెద్దది.

రెండవది ఎత్తు. పొలానికి మోకాలి క్రిందివరకు వచ్చేవి మేలు. చీలమండ దాటని పొట్టి బూటు బురదకు చాలదు, పాముకు అసలే చాలదు. పైఅంచు పిక్కకు మరీ బిగుతుగా ఉంటే రక్తప్రసరణకు ఇబ్బంది. మరీ వదులుగా ఉంటే నీళ్లు, మట్టి, జలగలు లోపలికి పోతాయి. రెండు వేళ్లు దూరేంత ఖాళీ చాలు.

మూడవది అడుగు. దమ్ము చేసిన పొలానికి, జిగట మట్టికి లోతైన గాట్లు ఎడంఎడంగా ఉన్న అడుగు కావాలి. గాట్లు దగ్గరదగ్గరగా ఉంటే మట్టి ఇరుక్కొని అడుగు నున్నగా అయిపోతుంది. సిమెంటు గచ్చుమీద, చేపలు దించే చోట, పాలకేంద్రంలో పనిచేసేవారికి లోతు తక్కువగా, దగ్గరదగ్గరగా గాట్లు ఉన్న మెత్తని అడుగు మేలు.

నాలుగవది సరుకు. పి.వి.సి. బూట్లు చౌక, తేలిక. అయితే ఎండలో వదిలేస్తే బిరుసెక్కి పగులుతాయి. అసలైన రబ్బరు బూట్లు ఖరీదెక్కువ, బరువెక్కువ, గాని మెత్తగా వంగుతాయి, ఎక్కువకాలం వస్తాయి. ఏదైనా ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనండి. బూటును రెండు చేతులతో వంచి, మడత దగ్గర వెలిసిన గీతలు, సన్నని పగుళ్లు ఉన్నవేమో చూడండి. చెయ్యి లోపల పెట్టి అతుకులు తడమండి.

గిబియోనీయులు పాతగోనెలు, అతుకులు వేసిన చెప్పులు చూపించి యెహోషువను మోసగించారు (యెహో. 9వ అధ్యాయము). ఇశ్రాయేలు పెద్దలు కంటికి కనబడినదానిని నమ్మారు, దేవునియొద్ద విచారణ చేయలేదు. అక్కడ పాతది చూపి మోసగించారు. ఈనాటి అంగడిలో కొత్త మెరుగు చూపి మోసగించేవారున్నారు. మెరుపును చూడకండి, అతుకును చూడండి.

నాట్లు వేసే తల్లుల కష్టం

"పాస్టరుగారూ, మీరు చెప్పేది బాగానే ఉంది. బురదలో బూటు దిగబడిపోతుంది. కాలు వస్తుంది గాని బూటు రాదు" అని ఒక సహోదరి నాతో అన్నది. ఆమె మాట నిజమే. దమ్ములో గంబూటు చుట్టూ మట్టి పట్టుకొని లాగేస్తుంది. అటువంటప్పుడు కాలు నిటారుగా పైకి లాగకుండా, ముందు మడమను కొంచెం కదిపి, ప్రక్కనుండి నీళ్లు గాలి దూరనిచ్చి, మడమను ముందుగా లేపితే సులువుగా వస్తుంది.

జపాను దేశములో వరినాట్లకు వేరే జోడు వాడతారు. అది పలుచని రబ్బరుతో, కాలికి అంటుకొనేటట్లు చేసినది. చీలమండ దగ్గర, మోకాలి క్రింద పట్టీలతో బిగిస్తారు. అందుచేత మట్టి దానిని లాగలేదు. మనం కూడా ఉన్న బూటుకే చీలమండ చుట్టూ, పాదము క్రిందుగా ఒక పట్టీ కట్టుకొంటే కొంత మేలు జరుగుతుంది.

అయితే అసలు కష్టం వేరొకటుంది. అంగళ్లలో ఎక్కువగా మగవారి సైజులే పెడతారు. నాలుగు, ఐదు నంబర్లు అడిగితే లేవంటారు. తల్లులు ఏడవ నంబరు బూటులో గుడ్డలు కుక్కుకొని నడుస్తారు, గట్టుమీద తట్టుకొని పడతారు. పదిమంది స్త్రీలు కలిసి ఒక్కసారి ఆర్డరు ఇస్తే ఏ దుకాణదారుడైనా తెప్పిస్తాడు. మన స్త్రీల సమాజములు ఈ పని చేయవచ్చును.

బూటు వేసుకోకూడని చోటు

ప్రతిదానికి సమయము కలదు. పొడవాటి బూటు మోకాలు లోతు లోపలి నీళ్లకే. అంతకు మించిన నీళ్లలో దిగితే పైనుండి నీళ్లు నిండుతాయి. నిండిన బూటుతో అడుగు వేయడం కష్టం, గట్టు ఎక్కడం మరీ కష్టం. చెరువు లోతులో దిగేవారు, పడవ ఎక్కేవారు సులువుగా ఊడదీయగల జోడు వేసుకోవాలి. వర్షాకాలంలో వాగు పొంగి మోకాలు దాటి వేగంగా పారుతుంటే ఏ బూటూ కాపాడదు. ఒడ్డున ఆగడమే జ్ఞానము.

మరొక హెచ్చరిక. రబ్బరు గదా, కరెంటు కొట్టదు అని కొందరు యువకులు గంబూట్ల ధైర్యముతో మోటారు తీగలు ముట్టుకొంటారు. మామూలు గంబూటు కరెంటు పనికి పరీక్షించి చేసినది కాదు. లోపల తడి ఉంటే, సన్నని చిల్లు ఉంటే అది మిమ్మల్ని కాపాడదు. మెయిన్ ఆపిన తరువాతనే చెయ్యి పెట్టండి.

పాదాలతో పాటు ప్రయాణించే రోగము

2004లో న్యూజిలాండు దేశపు నదిలో ఒక కొత్తరకం నాచు కనబడింది. అది రాళ్లను కప్పివేసి నదిని పాడుచేస్తుంది. గాలం వేసేవారి ఫెల్టు అడుగుల్లో తడి ఎంతో కాలం ఆరదు గనుక, ఆ నాచు ఒక నదినుండి మరొక నదికి బూట్లమీద వెళ్లగలదని గుర్తించారు. 2008లో ఆ దేశము ఫెల్టు అడుగుల బూట్లను నిషేధించింది. చూడు, కడుగు, ఆరబెట్టు అనే మూడు మాటలు అక్కడ నదికి వెళ్లే ప్రతివారికీ నేర్పుతారు.

ఇది ఎక్కడో దూరదేశపు కథ అనుకోకండి. 1994లో మన తీరములో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో పెద్దలకు జ్ఞాపకమే. తెగులు వచ్చిన చెరువు నీళ్లు, వలలు, బుట్టలు, మనుష్యుల కాళ్లు కూడా దానిని ప్రక్క చెరువుకు మోయగలవు. అందుకే జాగ్రత్తగల రైతులు చెరువు గట్టు దగ్గర మందునీళ్ల తొట్టి పెట్టి, కాళ్లు ముంచి రమ్మంటారు. కొందరు దానిని నామోషీగా భావిస్తారు. పొరుగువాని చెరువును కాపాడడం కూడా పొరుగువానిని ప్రేమించడమే గదా!

పని ముగిసిన తరువాత బూట్లను సబ్బునీళ్లతో లోపల వెలుపల కడగండి. రెండు కర్రలు పాతి, వాటిమీద తలక్రిందులుగా బోర్లించి నీడలో ఆరబెట్టండి. ప్రొద్దున తొడిగేముందు తప్పక దులపండి. తేలు, జెర్రి, చిన్నపాము కూడా లోపల దూరి ఉండవచ్చును. ప్రతి రాత్రి దీపపు వెలుగులో పాదాలు చూచుకోండి. వృద్ధులకు, చక్కెర జబ్బు ఉన్నవారికి పిల్లలు చూచిపెట్టాలి. మన ప్రభువు శిష్యుల పాదములు కడిగాడు (యోహాను 13వ అధ్యాయము). తండ్రి పాదాన్ని చేతిలోకి తీసుకొని పుండు ఉన్నదేమో చూచే కుమారుడు ఆయన మాదిరిని అనుసరిస్తున్నాడు.

సంచిలో ఏమి ఉండాలి?

దావీదు ఏటిలోనుండి అయిదు నున్నని రాళ్లు ఏరుకొని తన చిక్కములో వేసుకొన్నాడు. పట్టినన్ని వేసుకోలేదు, కావలసినవి వేసుకొన్నాడు. చేతికి వెంటనే అందేటట్లు పెట్టుకొన్నాడు. పనివాని సంచి అలాగే ఉండాలి.

మన పొలాల్లో ఎక్కువగా కనబడేది ఎరువుల గోనె, పురుగుమందుల సంచి. దయచేసి వాటిలో అన్నం గిన్నె, నీళ్ల సీసా, పసిబిడ్డ గుడ్డలు పెట్టవద్దు. ఎన్నిసార్లు ఉతికినా మందు వాసన పోయినట్లుంటుంది గాని మందు పోదు.

సంచి రెండు చేతులూ ఖాళీగా ఉండేటట్లు ఒంటిమీద నిలవాలి. నడుములోతు నీళ్లలో పనిచేసేవారికి ఛాతీ ఎత్తున ఉండేది, గట్టుమీద తిరిగేవారికి నడుము సంచి మేలు. పట్టీ వెడల్పుగా ఉండాలి. ఒక్క చేత్తో లాగితే ఊడిపోయేటట్లు ఉండాలి. నీళ్లలో పడినప్పుడు సంచి కొమ్మకో వలకో చిక్కుకొంటే మనిషిని విడిచిపెట్టాలి గాని పట్టుకొని ఉండకూడదు. ఆ కారణముచేతనే మెడకు ముడివేసి కట్టవద్దు. పసుపో ఎరుపో రంగైతే దూరానికి కనబడుతుంది. నీళ్లు చొరబడవు అని అమ్మినవాడు చెప్తే, ఇంటికి తెచ్చి లోపల ఒక కాగితం పెట్టి, తొట్టిలో ముంచి చూడండి. కాగితం తడిస్తే ఫోనూ తడుస్తుంది.

లోపల ఇవి ఉంటే చాలును: టార్చిలైటు, ప్లాస్టిక్ కవరులో ఫోను, త్రాగే నీళ్లు, ఒక ఈల, పొడిగుడ్డ, చిన్న సబ్బుముక్క, పుండుమీద కట్టే శుభ్రమైన గుడ్డ, ఓ.ఆర్.ఎస్. పొట్లము, రోజూ మ్రింగే మాత్రలు. వీటితోపాటు ఒక కాగితముమీద మీ పేరు, ఊరు, ఇంటివారి ఫోను నంబరు, మీకున్న జబ్బు వ్రాసి పెట్టండి. స్పృహ తప్పినవాని తరపున ఆ కాగితము మాట్లాడుతుంది.

శిష్యులను సంచి లేకుండా, చెప్పులు లేకుండా పంపిన ప్రభువే తరువాత ఒక రాత్రి, ఇప్పుడు సంచి గలవాడు తీసికొనిపోవలెనని చెప్పాడు (లూకా 22:35, 36). లేనప్పుడు ఆయన పోషించాడు. ఉన్నప్పుడు ఉన్నదానిని వాడుకొమ్మన్నాడు. ఈ రెండూ విశ్వాసమే.

పాము కరిస్తే

ఈ మాట కాపరిగా మీకు స్పష్టంగా చెప్పవలసియున్నది. కొంతకాలం క్రిందట మా ప్రాంతంలో ఒక యువరైతును రాత్రి గట్టుమీద రక్తపింజర కరిచింది. కాళ్లకు ఏమీ లేవు. ఇంటివారు ముందు మంత్రగాని దగ్గరకు తీసికొని వెళ్లారు. రెండు గంటలు పోయాయి. తరువాత ప్రార్థన కోసం నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి చిగుళ్లనుండి రక్తం వస్తున్నది. "ముందు బండి ఎక్కించండి, ప్రార్థన బండిలో చేస్తాను" అని చెప్పాను. తల్లి ఏడ్చుచు, "విశ్వాసం ఉంటే ఇక్కడే బాగుపడడా అయ్యగారూ?" అని అడిగింది. "విశ్వాసం ఉంది గనుకనే వెళ్దామమ్మా" అన్నాను. దారి పొడవునా ప్రార్థించాము. ప్రభుత్వ ఆసుపత్రిలో విరుగుడు మందు ఎక్కించారు. మూత్రపిండాలు దెబ్బతిన్నందున కొన్ని వారాలు డయాలసిస్ చేయవలసి వచ్చింది. దేవుడు ప్రాణము నిలిపాడు. కాని ఆ ఏడు పంట పోయింది, పొలము తాకట్టుకు వెళ్లింది.

పౌలు చెయ్యిని సర్పము పట్టినప్పుడు అతనికి హాని కలుగలేదు గదా (అపొ. 28:3-6) అని కొందరంటారు. నిజమే. అది దేవుడు మెలితే ద్వీపవాసుల యెదుట చూపిన సూచన. అయితే మరొక సంగతి గమనించండి. సాతాను ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలిపి, దూకుమని చెప్పినప్పుడు వాడు ఎత్తిచూపినది 91వ కీర్తననే. సర్పములను త్రొక్కుటను గూర్చిన వాగ్దానము ఆ కీర్తనలో దాని తరువాతి వచనమే. ప్రభువు ఆ వాగ్దానమును కాదనలేదు. దేవుని శోధింపకూడదని జవాబిచ్చాడు (మత్తయి 4:5-7). చీకట్లో వట్టికాళ్లతో నడిచి, కాటు తిన్న తరువాత ఆసుపత్రి మానుకొని, వాగ్దానము పట్టుకొన్నామనుకొంటే, అది శిఖరముమీదనుండి దూకడమే.

కాబట్టి కరిచిన వెంటనే ఇలా చేయండి. మనిషికి ధైర్యం చెప్పండి. నడవనివ్వకండి. కరిచిన కాలు కదలకుండా కర్రముక్క పెట్టి వదులుగా గుడ్డతో కట్టండి. పట్టీలు, ఉంగరాలు, బూటు తీసివేయండి. గట్టిగా త్రాడు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసరు పోయకండి. పామును చంపడానికి వెదుకుతూ సమయం పోగొట్టకండి. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో బయలుదేరండి. ఎన్ని గంటలకు కరిచిందో డాక్టరుకు చెప్పండి. కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడడం, చిగుళ్ల రక్తము కనబడితే చెప్పండి. కట్లపాము కాటుకు గాటు సరిగా కనబడకపోవచ్చును, నొప్పి కూడా ఉండకపోవచ్చును. కాబట్టి అనుమానమున్నా వెళ్లవలసిందే.

మంచి సమరయుడు గాయాలు కట్టాడు, నూనెయు ద్రాక్షారసమును పోశాడు, తన వాహనముమీద ఎక్కించాడు, పూటకూళ్లవానికి డబ్బు ఇచ్చాడు (లూకా 10:34, 35). ప్రభువు అతనినే పొరుగువాడన్నాడు. సువార్త వ్రాసిన లూకా కూడా వైద్యుడే.

ఎవరికి ముందు కొనాలి?

ఇంట్లో కూర్చొని ఈ ప్రశ్న వేసుకోండి. తరచుగా జరిగేదేమిటంటే యజమానికి బూట్లు ఉంటాయి, నాట్లు వేసే ఇల్లాలికి ఉండవు. కుమారునికి కొత్త ఫోను ఉంటుంది, నీళ్లు కట్టే తండ్రికి టార్చిలైటు ఉండదు. ఎవరు ఎక్కువసేపు నీళ్లలో నిలబడతారో, ఎవరు చీకట్లో నడుస్తారో వారికి ముందు కొనండి.

పొలము, చెరువు గల విశ్వాసులకు ఒక మాట. మీ చెరువులో దిగే కూలివాని కాలు మీ పిట్టగోడ లేని మేడ. చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి అని నోటిమాట చెప్పి పంపివేసేవాని గురించి యాకోబు వ్రాసినది మనకు తెలుసు (యాకోబు 2:15, 16). పాము జాగ్రత్త అని చెప్పి వట్టికాళ్లతో పంపితే అదీ అటువంటిదే. కూలితోపాటు నలుగురికి సరిపడే నాలుగు జతల బూట్లు గట్టుమీది కొట్టములో ఉంచండి.

సంఘములకు ఒక మనవి. క్రిస్మసుకు బీదలకు చీరలు, దుప్పట్లు పంచుతున్నాము. మంచిదే. తొలకరికి ముందు జూన్ మాసములో ఒక ఆదివారము కానుక ఎత్తి, విధవరాండ్రకు, కూలితల్లులకు బూట్లు, టార్చిలైట్లు ఇవ్వగలమేమో పెద్దలు ఆలోచించండి. వారి పాదముల కొలతలు ముందుగానే వ్రాసుకోండి. ఆ యువరైతు ఇంటిలో ఇప్పుడు గుమ్మం ప్రక్కన నాలుగు జతలు బోర్లించి ఉంటాయి. వాటిలో అన్నిటికంటె చిన్నది అతని భార్యది.

నలువది సంవత్సరములు అరణ్యములో నడిచిన ప్రజల కాళ్లు వాయకుండ, వారి చెప్పులు అరిగిపోకుండ దేవుడు చూచాడని మోషే సాక్ష్యమిచ్చాడు (ద్వితీ. 8:4, 29:5). మన దేవుడు చెప్పులను లెక్కపెట్టే దేవుడు. ఈ వర్షాకాలమున నీళ్లలో దిగే మీ పాదములను, మీ ఇంటివారి పాదములను ఆయన కాపాడును గాక. ఆమేన్.